సమర్పించిన చుక్కలమందు

ఆ వానాకాలం మా అక్క కళ్ళు బాగయ్యాయి. అంటే మందిరంలో బాగయ్యాయి. ఇంట్లో మాత్రం పక్కనున్న నీళ్ళబిందె కనబడక తన్నుకుని పడుతూనే ఉంది.

మాది ఒకటే గది, దాని ముందు వీధిలోకి తెరుచుకునే చిన్న కుట్టుకొట్టు. కొలతలు తియ్యడం, కత్తిరించడం, మిషను తొక్కడం అక్క పని. కాజాలు, బొత్తాలు, అంచులు, వచ్చినవాళ్ళతో పోట్లాడడం నా పని. ఆఖరిదానిలో నాకు మంచి పేరుండేది. బావ పోయి అక్కా, మొగుడు వదిలేసి నేనూ ఆ కొట్టులో మిగిలాం. అప్పటినుంచీ దేవుడికీ నాకూ మాటల్లేవు. అక్క అలా కాదు, ఆవిడ పట్టుకుంటే వదలదు.

ఎదురుగా పరుపుల షాపు మీద ఒక పెద్ద గది ఉంది. అదే మందిరం. దాన్ని నడిపే పెద్దాయన ఒకప్పుడు నీళ్ళ మోటార్లు బాగుచేసేవారు. నెమ్మదైన మనిషి, చీమకి కూడా దారిచ్చి నడిచే రకం. బావ పోయినప్పుడు మా చుట్టాలు గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విప్పకుండానే వెళ్ళిపోయారు. ఆ మెట్లు దిగివచ్చినవాళ్ళే వారంపాటు మా పొయ్యి వెలిగించారు. బట్టలుతికారు, అక్క తల దువ్వారు. నేనెంత వెటకారం చేసినా ఆ సంగతి మాత్రం మరిచిపోలేదు.

ఆ మందిరంలో ఒక అలవాటుంది. జబ్బు నయమైనవాళ్ళు అందరి ముందూ లేచి నిలబడి, ఏం జరిగిందో చెప్పి, మిగిలిన మందు తెచ్చి ముందున్న బల్లమీద బుట్టలో పెట్టాలి. దాన్ని సమర్పించడం అంటారు. పెట్టగానే అందరూ లేచి పాడతారు. ఈ అలవాటు ఎవరు మొదలెట్టారో ఎవరికీ తెలీదు. పెట్టండి అని పెద్దాయన ఏనాడూ అనలేదు.

అక్క జబ్బు పేరు నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు అంచులనుంచి తరిగిపోతూ వస్తుంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనున్నది మాయమవుతుంది. కళ్ళ డాక్టరమ్మ చాలా స్పష్టంగా చెప్పింది. "పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని ఈ చుక్కలమందు కాపాడుతుంది. ఉదయం, సాయంత్రం. ఒక్క పూట కూడా మానకండి." ఉన్నదే కాస్త. ఆ కాస్తతోనే అక్క మిషను తొక్కేది.

వానలు మొదలైన వారం అక్కని మందిరం మెట్లెక్కించి, అలవాటు ప్రకారం నేను వెనక చెప్పుల దగ్గర కూర్చున్నాను. గాలి అక్కడే బాగా వస్తుంది, పైగా పాడకపోయినా ఎవరూ అడగరు. పాట అయ్యాక అక్క లేచింది.

"పొద్దున్న దారం చేతిలోకి తీసుకున్నాను" అంది. "ఏడాదిగా మా చెల్లెలే సూదిలో ఎక్కించి ఇస్తోంది. ఇవాళ ప్రార్థన చేసుకుని నేనే పెట్టాను. ఒక్కసారికే ఎక్కింది. సూది బెజ్జం తలుపంత కనబడింది నాకు. నా కళ్ళు బాగయ్యాయి."

ఎదురుగా ఉన్నది ఎలాగూ కనిపిస్తుందే, జబ్బంతా పక్కల్లో కదా ఉంది, అని అరుద్దామనుకున్నాను. అప్పటికే సంచిలోంచి సీసా తీసి తడుముకుంటూ వెళ్ళి బుట్టలో పెట్టేసింది. పాట మొదలైంది. ముసలమ్మలు అక్కని వాటేసుకుని ఏడ్చారు. బావ పోయాక అంత ఆనందంగా ఆవిడ మొహం నేను చూడలేదు. నిజం చెప్పాలంటే అందుకే నోరు మూసుకున్నాను.

ఇంటికి రాగానే ఒంటికాలిమీద లేచాను.

"రేపు పొద్దున్నే వెళ్ళి ఆ సీసా తెచ్చుకో."

"ఇచ్చింది ఎలా తెచ్చుకుంటానే?"

"అయితే కొత్తది నేను కొనుక్కొస్తా. ఇంట్లో వేసుకుంటే ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడకపోతే అబద్ధం కాకుండా పోతుందా?" అంది. "బాగయిందని అందరి ముందూ చెప్పాను. ఇప్పుడు మందు వేసుకుంటే, బాగవలేదని నేనే అన్నట్టు కదా. దేవుడు ఇచ్చింది నేనే వెనక్కి తోసినట్టు."

కొత్త సీసా కొన్నాను. బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను. నేను సీసా మూత తిప్పితే చాలు, చప్పుడు విని కళ్ళు గట్టిగా మూసుకునేది చిన్నపిల్లలా. తల ప్రాణం తోకకొచ్చింది నాకు. చివరికి పెద్దాయన దగ్గరికే వెళ్ళాను. ఆయన కింద పరుపుల షాపు అరుగుమీద కూర్చుని వాన చూస్తున్నారు.

"మందు మానెయ్యమని నేనెవరికీ చెప్పనమ్మా" అన్నారు.

"మానొద్దని కూడా చెప్పరు కదండీ."

"ఆమెకి కనబడిందని ఆమె చెప్తోంది. ఆమెకి కనబడలేదని నేనెలా చెప్పను? ఎవరి నమ్మకంలోనైనా చెయ్యి పెట్టడానికి నేనెవర్ని?" అన్నారు. వేళాకోళం కాదు, నిజంగానే బాధపడ్డారు. బాధపడితే చుక్కలు పడతాయా! కోపం పట్టలేక గొడుగు అక్కడే మరిచిపోయి తడుస్తూ వచ్చాను.

మా వీధి మలుపులో బొత్తాల షాపాయన ఉన్నాడు. ఆయన దేవుడు వేరు, ప్రార్థన వేరు. వేళకి షాపు తలుపు ఓరగా వేసి లోపల చాప పరుచుకుంటాడు. ఆయన తండ్రిదీ ఇదే జబ్బు. నన్ను చూడగానే తువ్వాలు ఇచ్చాడు.

"మావాళ్ళైతే మందు వేసుకుంటూనే మొక్కుకోమంటారు చెల్లెమ్మా. మా నాన్న అలాగే చేశాడు, పోయేదాకా నా మొహం గుర్తుపట్టాడు."

"ఆ మాట వచ్చి మా అక్కకి చెప్పరాదూ?"

"నేను చెప్తే వింటుందా? నా నోట్లోంచి వస్తే అది నా దేవుడి మాట అవుతుంది" అని చేతులెత్తేశాడు.

వాన ఆగకుండా పడింది. అక్క చూపు సన్నబడడం నాకు ఇంట్లో వస్తువుల మీద తెలుస్తూ వచ్చింది. ముందు గ్లాసులు పగిలాయి. తరవాత పగలడం ఆగిపోయింది. బాగయిందేమోనని పిచ్చిదానిలా ఒక రోజంతా మురిసిపోయాను. తీరా చూస్తే నేర్చేసుకుంటోంది! నేను బయటికి వెళ్ళినప్పుడల్లా గదిలో గోడ పట్టుకుని అటూ ఇటూ నడిచేదట. ఏ వస్తువూ దాని చోటు మారనిచ్చేది కాదు. గ్లాసులో నీళ్ళు పోస్తుంటే మోత మారడాన్నిబట్టి ఎక్కడ ఆపాలో తెలుసుకుంది. చెప్పుల చప్పుడునిబట్టి మనిషిని పోల్చుకుని, వాళ్ళు నోరు విప్పకముందే "రా వదినా, మోకాలు ఎలా ఉంది?" అనేది. వచ్చినవాళ్ళు మెటికలు విరిచి దిష్టి తీసేవారు. ఎవరైనా మాట్లాడితే మొహం వాళ్ళవైపు తిప్పి, సరిగ్గా కళ్ళున్నచోట చూపు నిలిపేది.

"నాటకం బాగా కట్టావు" అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

"నాటకం కాదే. ఆయన పని పూర్తి చేసేదాకా నేను పట్టుకుని ఉండాలి కదా. మధ్యలో వదిలేస్తే మోసం నాదవుతుంది."

నేను బొత్తాల డబ్బా ముందుకి లాక్కుని కూర్చున్నాను.

ఈలోగా మందిరం వార్షికోత్సవం దగ్గరపడింది. పాటలు పాడేవాళ్ళందరికీ తెల్ల అంగీలు కుట్టే పని అక్కకే ఇచ్చారు. దేవుడు ఇచ్చిన చూపుతో దేవుడి బట్టలు అని వాళ్ళ మురిపెం. తానులు వచ్చి కొట్టులో పడ్డాయి. కత్తెర నేనే పట్టాను. మిషనూ నేనే తొక్కాను. ఎవరైనా వస్తున్న అలికిడి కాగానే అక్క నా చోట్లో కూర్చునేది, నేను పక్కన బొత్తాలు పట్టుకుని బుద్ధిమంతురాలిలా నిలబడేదాన్ని. పాతికేళ్ళు అక్క చేతికింద నేర్వని పని ఆ నెలలో నేర్చాను.

ఒక పొద్దున్న లేచేసరికి అక్క నాకంటే ముందే మిషను దగ్గర ఉంది. మొహం వెలిగిపోతోంది.

"ఇది పూర్తిగా నేనే కుట్టాను. అంచంతా. చూసి చెప్పు."

అంగీ చేతిలోకి తీసుకున్నాను. కుట్టు గీత గీసినట్టుంది. ఎక్కడా వంకర లేదు, ఒక్క పోగు వదులు లేదు. తెల్లటి అంగీ చుట్టూ నల్లదారం.

"ఎలా ఉంది?" అంది.

"బాగుంది" అన్నాను.

"నీ గొంతు అలా ఉందేం?"

అక్క చెయ్యి చాచి మిషనుమీది దారపు ఉండని తడిమింది. నల్ల ఉండకి అడుగున చిన్న నొక్కు ఉంటుంది, నేనే పళ్ళతో కొరికిన గుర్తు. వేలు ఆ నొక్కుమీద ఆగింది. "నన్ను ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తావా?" అని అడిగింది. నేను కుట్టు విప్పడానికి కూర్చున్నాను. సాయంత్రం దాకా పట్టింది, అంత గట్టిగా కుట్టింది మహాతల్లి.

డాక్టరమ్మ గదిలో లైటు తీసేసి చిన్న టార్చి అక్క కంటిమీద వేసింది.

"వెలుగు తెలుస్తోందా?"

"తెలుస్తోందండి."

"ఎటునుంచి?"

అక్క కుడివైపు చూపించింది. టార్చి ఎడమవైపుంది. డాక్టరమ్మ టార్చి ఆర్పి అడిగింది. "ఇప్పుడు?"

"ఇప్పుడూ అటే."

లైటు వేశాక డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. దానికే భయమేసింది నాకు.

"మందు ఎప్పుడు మానేశారు?"

"మానలేదండి, సమర్పించాను" అంది అక్క.

ఆవిడకి అర్థం కాలేదు. నా మొహం చూసింది. నేను చెప్పాను. ఆవిడ అంతా విని, "ఇక మందు వేసినా లాభం లేదు" అంది. ఆపరేషనూ లేదు, ఇంకో ఆస్పత్రీ లేదు. బయటికి వచ్చి బస్సుకోసం నిలబడ్డాం. అక్క నా చెయ్యి పట్టుకుంది, ఎవరూ చూడరనే ధైర్యంతో.

"మందిరంలో చెప్పేద్దాం అక్కా."

"వద్దే. ఎంత సంబరపడ్డారే వాళ్ళు! నాకు మిగిలింది వాళ్ళేగా."

"మరి నేనో?"

"నువ్వు మిగలడమేంటే పిచ్చిదానా. నువ్వు వేరా, నేను వేరా?"

వార్షికోత్సవం ఘనంగా జరిగింది. తెల్ల అంగీలు చూసి అందరూ అక్క కళ్ళని మెచ్చుకున్నారు. పెద్దాయన అక్క సంగతి పక్క ఊళ్ళ మందిరాల్లో కూడా చెప్తున్నారని ఎవరో అన్నారు. అక్క తల వంచుకుంది. వినయం అనుకున్నారు.

వానలు వెనకపట్టిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, ముసురులో కొట్టుముందు ఒక ఆడమనిషి ఆగింది. చేతులు సబ్బునీళ్ళకి ఒరిసిపోయి ఉన్నాయి, బట్టలుతికే పని కాబోలు. పక్కన ఓ ఆడపిల్ల, పన్నెండేళ్ళుంటాయి. పిల్ల తలుపు రెక్కకి భుజం కొట్టుకుని లోపలికి వచ్చింది.

"అక్కగారంటే మీరేనాండీ? కళ్ళు బాగయినావిడ?"

అక్క లేచి ఎదురెళ్ళి కుర్చీ జరిపింది. గ్లాసు తీసి నీళ్ళు పోసి, చుక్క ఒలకకుండా ఆమెకి అందించింది. ఆమె గ్లాసు పట్టుకుని తాగకుండా అక్క కళ్ళలోకే చూస్తోంది, తనివితీరా.

"మా పాపదీ మీ జబ్బేనండీ. పుట్టుకతోనే ఉందట. మందు వేస్తుంటే మంటకి గోలపెడుతుంది. మా మందిరంలో మీ సంగతి చెప్పారు. ఇన్నాళ్ళూ నమ్మకం చాలక వేస్తూనే ఉన్నానండీ. ఒకసారి మిమ్మల్ని కళ్ళారా చూస్తే ధైర్యం వస్తుందని వచ్చాను. రేపే సమర్పించేస్తాను."

అక్క మిషను అంచు పట్టుకుని నిలబడింది. చెప్తుందా, చెప్పదా? చెప్పకపోతే నేనే చెప్పేద్దామని నోరు తెరిచాను.

"నాకు కనబడదమ్మా" అంది అక్క.

ఆమె నవ్వింది. "అదేంటండీ!"

"నిజం. నీ మొహం నాకు తెలీదు. నీ చీర ఏ రంగో తెలీదు. మందు మానేశాను, ఉన్నదీ పోయింది. నేను చెప్పింది తప్పు. నువ్వు ఆ తప్పు చెయ్యకు. పాపకి మందు వెయ్యి. ఏడ్చినా వెయ్యి."

ఆమె నవ్వు ఆగింది గానీ మొహంలో వెలుగు తగ్గలేదు, ఇంకా పెరిగింది. "మీలాంటి పెద్దలు ఇలా పరీక్ష పెడతారని మా ఆయన ముందే చెప్పాడండీ. నమ్మకం గట్టిదో కాదో చూడడానికి."

"పరీక్ష కాదు తల్లీ!" అక్క నావైపు తిరిగింది. "నువ్వైనా చెప్పవే!"

నేను చెప్పాను. చుక్కలమందు, డాక్టరమ్మ, నల్లదారం, అంగీలన్నీ కుట్టింది నేనేనన్న సంగతి, ఒక్కటి దాచకుండా అన్నీ కుమ్మరించాను. ఆమె ఓపిగ్గా విని, నావైపు జాలిగా చూసింది.

"మీకు నమ్మకం లేదని విన్నానండీ. మీ మనసు మారాలని మా మందిరంలో కూడా ప్రార్థన చేస్తున్నాం."

ఆ క్షణంలో ఆ దేవుడెవరో ఎదురుగా ఉంటే చొక్కా పట్టుకునేదాన్ని. అక్క నన్ను తప్పించుకుని గబగబా పిల్లవైపు నడిచింది. పిల్ల కుర్చీ పక్కన కిక్కురుమనకుండా నిలబడి ఉంది. ఊపిరి విని కాబోలు, అక్క తిన్నగా వెళ్ళి ఆగి, చెయ్యి చాచింది. ఆ చెయ్యి సరిగ్గా పిల్ల తలమీద పడింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"మందు మానకు తల్లీ. నేను గుడ్డిదాన్ని. నా మాట విను" అంటోంది అక్క.

తల్లి ఆ మాట వినడంలేదు. ఆ చేతినే చూస్తోంది. కళ్ళు నిండిపోయాయి. "కనబడని మనిషి చెయ్యి అంత తిన్నగా ఎలా వస్తుందండీ" అని అక్క కాళ్ళకి దణ్ణం పెట్టి, పిల్ల రెక్క పట్టుకుని బయటికి నడిచింది. వచ్చినప్పటికంటే తేలిగ్గా నడిచింది.

చెప్పులు కూడా వేసుకోకుండా బస్సు దాకా వెంటపడ్డాను. "నా మాట వినకపోతే పోనీ, ఒక్కసారి డాక్టరమ్మ దగ్గరికి రా, నేను తీసుకెళ్తా" అన్నాను. "మీ ఇల్లెక్కడో చెప్పు" అన్నాను. ఆమె నా చేతులు పట్టుకుని, "మీకూ మంచిరోజు వస్తుందండీ" అంది. బస్సు వచ్చింది. పిల్ల ఒక కాలితో మెట్టు వెతుక్కుని, దొరికాక ఎక్కింది. "చూశారా, ఎంత చక్కగా ఎక్కిందో!" అంది తల్లి. బస్సు వెళ్ళిపోయింది.

అక్కడినుంచే పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను. జరిగిందంతా చెప్పి, ఆమెది ఏ మందిరం అని అడిగాను. ఆయన మెట్టుమీద అలాగే కూలబడ్డారు.

"ఎన్ని చోట్ల చెప్పానో నాకే గుర్తులేదమ్మా" అన్నారు. "విన్నవాళ్ళు ఇంకెన్ని చోట్ల చెప్పారో." లేచి చెప్పులు వేసుకుంటూ, "వెతుకుతాను" అన్నారు. వెతికారు కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ వయసులో ఊరూరూ తిరిగారు. తిరిగిన ప్రతిచోటా అక్కకి చూపు పోయిందని చెప్తే, పెద్దాయనకి మతి తప్పుతోందని అనుకున్నారట. ఆ తల్లీ పిల్లా దొరకలేదు.

కానీ ఆ సాయంత్రం అవేవీ తెలీదు నాకు. తడిసి కొట్టుకి వచ్చేసరికి అక్క నేను వదిలిన చోటే, ఖాళీ కుర్చీ పక్కన నిలబడి ఉంది.

"అందిందా?"

"అందింది."

"విందా?"

"వినలేదక్కా."

అక్క కుర్చీలో కూర్చుంది. ఆ తల్లి తాగకుండా వదిలేసిన నీళ్ళ గ్లాసు మోచేతికి తగిలి పడిపోయింది. నీళ్ళు ఒళ్ళోకి కారుతున్నా కదల్లేదు.

"నా చెయ్యి తిన్నగా ఆ పిల్ల తలమీదే పడింది కదే."

"పడింది."

"ఒక్కసారి తప్పిపోతే ఏం పోయేదే దీనికి?" అని, ఎడమచేత్తో ఆ కుడిచేతిని కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాను. విడిపించుకుని మళ్ళీ కొట్టుకుంది.